పందుంపుల్ల ముట్టని దీక్ష

మా ఊరి గుడి ముఖమండపంలో పురాణం చదివే పీట మా నాన్నగారిది. ఆయనకు ముందు మా తాతగారిది. తొలి ఏకాదశి సాయంత్రం తాటాకుల పుస్తకం తాళ్ళు విప్పితే, వానాకాలమంతా చదివి, కార్తీక పౌర్ణమి నాడు స్వామివారి పట్టాభిషేక ఘట్టంతో ముగించి మళ్ళీ తాళ్ళు కట్టేవారు. మధ్యలో గౌతమి పొంగినా, దారులన్నీ బురదైనా చదువు ఆగేది కాదు. ధవళేశ్వరం దగ్గర దొరలు ఆనకట్ట కట్టించి మా వైపు కాలువలు తవ్విస్తున్న రోజులవి. పగలంతా కాలువ మట్టి మోసినవాళ్ళు కూడా సాయంత్రానికి ఒళ్ళు కడుక్కుని వచ్చి, మండపం చూరు కింద నిలబడి వినేవారు.

ముందు వరసలో, పీటకి మూరెడు దూరంలో, మా మేనత్త కూర్చునేది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. మా పెరటి గోడకి ఆనుకున్న వసారాలో విడిగా వండుకుంటూ ఉండేది. ఆవిడకి ఏడాదిలో ఉన్న సంబరమల్లా ఈ పురాణమే. వయసు పైబడ్డ కొద్దీ చెవులు మందగించాయి. అందుకని ఎవరు ముందు వచ్చినా ఆ చోటు ఆవిడకే వదిలేసేవారు. కుడిచెవి పీట వైపు తిప్పి, కళ్ళు మూసుకుని, నాన్నగారి ఒక్కొక్క మాటా వినేది.

నాన్నగారు పోయిన ఏడు పీట మీద నేను కూర్చున్నాను. మొదటిరోజు చదువు అయ్యాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని అంది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇన్నాళ్ళూ మీ నాన్న నోట విన్నాను. ఇహ ఏటా నీ నోట పట్టాభిషేకం వినేస్తే చాలు. తరవాత ఈ చెవులు పూర్తిగా పోయినా నాకు దిగుల్లేదు."

నాకు కావలసింది కూడా అదే. నాన్నగారి పీట మీద కూర్చుని, ఒక్క అక్షరం జారకుండా పట్టాభిషేకం దాకా చదవాలి. ఆ పీట నా చేతుల్లో మాసిపోకూడదు. పొద్దున్న స్నానం చేస్తున్నా, అన్నం తింటున్నా నా మనసులో అదే ఉండేది.

నేను శాస్త్రం చదువుకున్నది వాడపల్లిలో, ఒక పండితుల ఇంట. తరవాత ఆయనే నాకు పిల్లనిచ్చి మావగారయ్యారు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆచారాలు ఒక్కటీ వదలకుండా నేర్చుకున్నాననే అనుకున్నాను. ఏ తిథినాడు ఏది తినాలో, ఏది ముట్టకూడదో, ఏ దిక్కుకి తిరిగి ఏ పని చేయాలో అడిగినవాళ్ళకి తడుముకోకుండా చెప్పేవాణ్ణి. చెప్పడంలో కాస్త గొంతు పెంచేవాణ్ణి కూడా.

మా వైపు తెల్లవారగానే అందరూ వేపదో ఉత్తరేణిదో పందుంపుల్ల విరిచి, ఒక కొస నమిలి కుంచెలా చేసి, దాంతో పళ్ళు తోముకునేవారు. తరవాత పచ్చి కొబ్బరీనె చీల్చి, విల్లులా వంచి నాలుక గీసుకునేవారు. రేవులోకి దిగి నోరు పుక్కిలిస్తే గాని మంచినీళ్ళు కూడా ముట్టేవారు కారు. అయితే కొన్ని రోజులున్నాయి. పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య, పౌర్ణమి, ఉపవాస దినాలు, తద్దినాలు. ఆ రోజుల్లో పుల్లతో పళ్ళు తోమకూడదని పెద్దలు చెప్పారు. నాన్నగారు ఆ రోజుల్లో వేపచెట్టు వైపు కూడా వెళ్ళేవారు కారు. చెంబు తీసుకుని రేవు వైపు వెళ్ళిపోయేవారు. చిన్నప్పుడు నేను చూసింది అంతవరకే. రేవులో ఆయన ఏం చేసేవారో వెనకాలే వెళ్ళి చూడలేదు.

పీట ఎక్కాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ కొద్ది రోజులు పుల్ల మానితేనే పుణ్యమైతే, పురాణం చదివే నాలుగు నెలలూ మానేస్తే ఎంత పుణ్యం! తొలి ఏకాదశి నాడు సంకల్పం చెప్పుకుని, పట్టాభిషేకం అయ్యేదాకా పందుంపుల్ల ముట్టనని దీక్ష పట్టాను. పొద్దున్న మూడు మునకలు వేసేటప్పుడు ఎలాగూ నోటికి నీళ్ళు తగులుతాయి కదా, అదే చాలనుకున్నాను.

ఊళ్ళో మాట పాకింది. ఎంత నియమం, ఎంత నిగ్రహం, తండ్రిని మించినవాడు అన్నారు. నేను వినబడనట్టు నడిచేవాణ్ణి గాని ప్రతి మాటా వినేవాణ్ణి. కార్తీకం వెళ్ళాక దీక్ష విడవాలి. కాని వెంటనే ధనుర్మాసం వచ్చింది, తరవాత మాఘస్నానాలు వచ్చాయి. ఏదో ఒక పుణ్యకాలం పేరు చెప్పి పుల్ల జోలికి వెళ్ళడం మానేశాను. రెండో ఏడు వచ్చేసరికి, మా గుమ్మం పక్క వేపచెట్టుకి నా చెయ్యి తగలడమే లేదు.

దానికి తోడు ప్రసాదం ఒకటి. పురాణం కాగానే కొబ్బరికోరు బెల్లప్పాకంలో దగ్గరగా కలిపి చుట్టిన ఉండలు పంచేవారు. చదివినవాడికి మొదటి ఉండ, అందరికన్నా పెద్దది. గుడిలో తీర్థం పుచ్చుకున్న చెయ్యి మేము కడుక్కోము, తలకి రాసుకుంటాము. నీళ్ళు పోసి కడిగితే స్వామి తీర్థాన్ని నేలపాలు చేసినట్టు. చేతికే అంత మర్యాద ఉంటే నోటికి ఇంకెంత ఉండాలి! ప్రసాదం తిన్న నోరు పుక్కిలించి మట్టిలో ఉమ్మడం అపచారమని నేనే తీర్మానించుకున్నాను. ఆ తీపి పళ్ళ సందుల్లో అలాగే ఉంచుకుని, స్వామి రుచి నోట్లో ఉందనుకుంటూ పడుకునేవాణ్ణి. చదివేటప్పుడు గొంతు ఆరిపోకుండా దవడన ఒక పటికబెల్లం ముక్క కూడా పెట్టుకునేవాణ్ణి. అది కరిగిపోతే ఇంకొకటి.

రెండో ఏడు వానాకాలం సగంలో ముందు వరస కదిలింది. మొదట ఒకరిద్దరు మూరెడు వెనక్కి జరిగారు. తరవాత వారానికి మొత్తం వరసే వెనకబడింది. పీటకీ జనానికీ మధ్య చాప పరిచే అంత ఖాళీ వచ్చింది. మూడో ఏడు అది ఇంకా పెరిగింది. చివరికి అత్తయ్య కూడా లేచి, వెనక రాతిస్తంభానికి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. చెవి వెనక అరచెయ్యి ఆన్చి, ముందుకు వంగి కూర్చునేది. కాసేపటికి ఆ చెయ్యి జారిపోయేది. తల స్తంభానికి వాలిపోయేది. ముసలితనం, నిద్ర ఆపుకోలేకపోతోంది అనుకున్నాను.

వెనక్కి ఎందుకు జరిగారో నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకుంటే బాగుండేది. ఒక సాయంత్రం చదువు మధ్యలో ఆపి, అందరి ఎదటా దాని మీద వ్యాఖ్యానం చేశాను. భక్తి పెరిగిన కొద్దీ మనిషిలో వినయం పెరుగుతుందనీ, స్వామి కథ జరిగే చోటికి మరీ దగ్గరగా కూర్చోవడానికి మంచివాళ్ళు జంకుతారనీ, ఈ మండపంలో ముందు చోటు ఖాళీ అవుతున్నదంటే మన ఊరు బాగుపడుతున్నదనే అర్థమనీ చెప్పాను. చెవులు సరిగా వినబడకపోయినా ముందు చోటు వదులుకున్న మా అత్తయ్యని మెచ్చుకున్నాను కూడా. ఆవిడకి ఆ మాటలు వినబడలేదు. వినబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు పమిటకొంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళ భుజాలు కదిలాయి. కన్నీళ్ళనుకున్నాను.

ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ప్రార్థన మధ్యలో ఉన్నా సరే.

ఇంట్లో కూడా తెలియవలసిన గుర్తులు చాలా ఉన్నాయి. మా ఆవిడ నాతో గుమ్మం అవతల నిలబడి మాట్లాడేది. చెంబు నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళేది. నా తాంబూలంలో లవంగాలు ఎక్కువ పడేవి. ఇవన్నీ పురాణం చెప్పే భర్త పట్ల మడి, మర్యాద అని లెక్కగట్టుకున్నాను.

నాలుగో ఏడు ఆశ్వయుజంలో పై వరస ముందు పళ్ళు రెండూ జివ్వుమనడం మొదలెట్టాయి. చన్నీళ్ళు తగిలితే నరం లాగేది. చిగుళ్ళు ఉబ్బి, నిద్రలేచేసరికి నోరు ఉప్పగా ఉండేది. తలగడ మీద ఎర్రటి మరకలు కనిపించేవి. పళ్ళ మధ్య నల్లటి పుచ్చు అద్దంలో చూసుకున్నాను గాని, దీక్ష ముగిసేవరకు దాని సంగతి తీయకూడదనుకున్నాను. ఎవరో పన్నుపురుగు అన్నారు. నేల వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ బొప్పాయి గొట్టంలోంచి నోట్లోకి పట్టించారు. నొప్పి రెండు పూటలు తగ్గి, మళ్ళీ వచ్చింది. స్వామి పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. పెట్టుకున్నది నేనేనన్న ఊహ రాలేదు.

పట్టాభిషేకం ఇంకా కొన్నాళ్ళుందనగా వాడపల్లి నుంచి మావగారు పడవలో వచ్చారు. ఏటా చివరి ఘట్టాలు వినడానికి రావాలనుకునేవారు గాని, నేను పీట ఎక్కాక రావడం అదే మొదలు. ఆ సాయంత్రం మండపంలోకి వచ్చి, ఖాళీగా ఉన్న ముందు చోటు చూసి, నేరుగా అక్కడే కూర్చున్నారు. నాకు గర్వంగా అనిపించింది. పండితుడు కదా, ఈ చోటికి తగినవాడు అనుకున్నాను. చదువు అయ్యేదాకా కదలకుండా కూర్చుని, మధ్యమధ్య ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుంటూ విన్నారు. ఇంటికి వచ్చాక చదువు గురించి ఒక్క మాటా అనలేదు.

మర్నాడు బహుళ నవమి. తెల్లవారుతుండగా ఆయన పెరట్లోంచి నన్ను పిలిచారు. వెళ్ళేసరికి కాలువగట్టు మీద ఒక చెంబు, రెండు లేత మామిడాకులు, ఒక కొబ్బరీనె పెట్టుకుని కూర్చున్నారు. నేను పెళ్ళి చేసుకున్నప్పటి నుంచి ఆయన నన్ను 'అల్లుడుగారూ' అనీ 'మీరు' అనీ అనేవారు. ఆ పొద్దున్న మాత్రం శిష్యుడితో మాట్లాడినట్టే మాట్లాడారు.

"కూర్చో నాయనా. ఇవాళ పుల్ల పనికిరాదు, తెలుసుగా?"

"ఆయ్, తెలుసండి."

"మరి నోరెలా కడుగుతావు?"

నేను నా దీక్ష సంగతి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"దీక్ష సంగతి రేవులోనే విన్నాన్లే. ముందు వరస ఎందుకు వెనక్కి వెళ్ళిందో నువ్వు చెప్పిన అర్థం కూడా విన్నాను. నిన్న నేను నీ ముందు కూర్చున్నది భక్తితో కాదు నాయనా, పడిశంతో. ముక్కులు రెండూ మూసుకుపోయేయి కనక కూర్చోగలిగేను. పడిశం పట్టిన ముక్కుకే తెలిసిందంటే, మంచి ముక్కులున్నవాళ్ళ సంగతి నువ్వే ఆలోచించుకో."

నాకు మొదట అర్థం కాలేదు. తరవాత అంతా ఒక్కసారే అర్థమైంది. ఖాళీ చాప చోటు, పమిటకొంగులు, కదిలిన భుజాలు, గుమ్మం అవతల మా ఆవిడ. నేను నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకున్నాను, అక్కడ ఆయన ఉన్నారని.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే ఓర్చుకోవడం తేలికయ్యేది. పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చెప్పారు. ఆ రోజుల్లో పుల్ల వద్దన్న పెద్దలే, ఆ పుల్లకి బదులు పన్నెండు పుక్కిళ్ళు ఉమ్మమన్నారు. ఆకుతో పళ్ళు రుద్దుకోవచ్చన్నారు. నాలుక గీసుకోవడం ఏ రోజూ మానొద్దన్నారు. పుల్ల మానడం వాక్యంలో సగం. నోరు శుద్ధిగా ఉంచుకోవడం మిగతా సగం. నేను మొదటి సగం పట్టుకుని నాలుగేళ్ళు లాగాను. ఆయన మామిడాకు మడిచి తన పళ్ళమీద పైకీ కిందకీ రుద్ది చూపించారు, ఈనెతో నాలుక గీశారు, వేలితో చిగుళ్ళు వత్తారు, లెక్కపెట్టుకుంటూ పుక్కిలించారు. డెబ్బై దాటిన మనిషి. పళ్ళు పచ్చి కొబ్బరి ముక్కల్లా ఉన్నాయి.

ప్రసాదం నోట్లో ఉండగా కడగడం అపచారం కాదా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"మింగినది ప్రసాదం. పళ్ళ సందున మిగిలింది ఏమిటి?"

ఆయనే చెప్పారు.

"ఎంగిలి. రాత్రి ఎంగిలి నోట్లో పెట్టుకుని, పొద్దున్న లేచి ఆ నోటితో జపం చేస్తున్నావు. సాయంత్రం ఆ నోటితో స్వామి కథ చదువుతున్నావు. ఇంకొకడు చేస్తే నువ్వేమనేవాడివి?"

ఏమనేవాణ్ణో నాకు తెలుసు. ఎంగిలి చెయ్యి పొరపాటున మడినీళ్ళ బిందెకి తగిలిందని ఒక పిల్లని నేను ఊరంతా వినబడేట్టు కేకలేసిన రోజులున్నాయి. నాలుగేళ్ళుగా, ఏటా నాలుగు నెలలు, స్వామి ఎదట కూర్చుని నేను చేసిందంతా ఎంగిలి నోటితో చేసిన చదువు. అప్పటిదాకా నాకు కలిగింది మనుషుల ముందు సిగ్గు. ఆ మాటతో మరో సిగ్గు పుట్టింది. దానికి తల దాచుకునే చోటు లేదు.

ఇంట్లోకి వచ్చి, మీ నాన్నగారితో నువ్వే చెప్పావా అని మా ఆవిడని అడిగాను.

"నేనేం చెప్పలేదండి," అంది, గుమ్మం అవతల నుంచే. "మీతో చెప్పలేనిది ఆయనతో ఎలా చెబుతాను?"

"నాతో ఎందుకు చెప్పలేకపోయావు?"

చీర అంచు సరిచేసుకుంది. "రెండేళ్ళ కిందట మీ చెంబు పక్కన రోజూ పందుంపుల్ల పెట్టేదాన్ని. దీక్ష అని పక్కకి తోసేసేవారు. ఒకరోజు, మళ్ళీ పెడితే పాపం నీకే అన్నారు. అప్పట్నుంచి మానేశానండి."

అన్నాను. అన్నట్టు గుర్తుంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం కేసి కూడా చూడలేదు.

ఆ రోజు నుంచి ఉప్పు, నువ్వులనూనె, ఆకు, పుల్ల, ఈనె, ఏది ఎప్పుడు చెప్పారో అప్పుడు అది చేశాను. తీపి తిన్న ప్రతిసారీ వెంటనే పుక్కిలించాను. నోరు కొన్నాళ్ళలో తేలికపడింది. కాని పుచ్చిన పళ్ళు బాగుపడవు కదా. పై పెదవి వాచి ముక్కుదాకా వచ్చింది, జ్వరం తగిలింది. మా ఊళ్ళో క్షవరం చేసే ఆయనే పళ్ళు కూడా పీకేది. ఆయన పట్టకారుతో ముందు పళ్ళు రెండూ తీసేశారు. పక్క పన్ను దానంతట అదే కదిలి ఊడి వచ్చింది. రక్తం ఆగాక, గదిలో తలుపు వేసుకుని, పుస్తకం తాళ్ళు విప్పి, పట్టాభిషేక ఘట్టం చదివి చూసుకున్నాను. గాలి ముందు సందులోంచి బయటికి పోయింది. మాటలు మెత్తబడి, తడిసిన అరిసెల్లా ఒకదానికొకటి అంటుకున్నాయి. నెమ్మదిగా చదివాను, గొంతు పెంచి చదివాను. అయినా అంతే. మళ్ళీ మళ్ళీ చదివి, చివరికి పుస్తకం తాళ్ళు కట్టేశాను.

పౌర్ణమి ముందురోజు గుడి ధర్మకర్తగారు ఇంటికి వచ్చారు. పెద్దమనిషి. నా ముఖం మీద వాపు చూసి చూడనట్టు కూర్చున్నారు.

"పట్టాభిషేకం మీరే చదవాలండి. మీ నాన్నగారి పీట. మాట కాస్త అటూ ఇటూ అయినా స్వామి ఏమనుకోడు, మేమూ ఏమనుకోం."

ఆయన మంచితనంతోనే అన్నారు. నాకు మాత్రం, ఇన్నాళ్ళూ వాళ్ళు ఏమీ అనకుండా వెనక్కి జరుగుతూ వచ్చిన సంగతే గుర్తుకు వచ్చింది. ఈ ఒక్కరోజు కూడా నా కోసం ఓర్చుకోమని అడగలేకపోయాను. మావగారు చదువుతారని చెప్పాను. చెబుతుంటే నాన్నగారు ఎదురుగా కూర్చున్నట్టే అనిపించి, చూపు నేల మీద పెట్టుకున్నాను.

మర్నాటి సాయంత్రం నేను వెనక స్తంభం దగ్గర కూర్చున్నాను. మావగారు పీట మీద కూర్చుని, కొబ్బరినూనె దీపం కాస్త ముందుకు జరుపుకుని, మొదటి ఆకు తీశారు. జనం లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముందుకి వెళ్ళారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ నా వైపు చూడలేదు. చూస్తుండగానే ఆ ఖాళీ చోటు నిండిపోయింది. పీట అంచుకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. అత్తయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి, నా పక్కనించే నడిచి, తన పాత చోట్లో కూర్చుని కుడిచెవి పీట వైపు తిప్పింది.

చదువు సాగినంతసేపూ నేను ఆవిడ వీపే చూశాను. ఆవిడ తల ఒక్కసారి కూడా వాలలేదు. నిద్ర కాదు, ఇన్నాళ్ళూ ఆవిడకి వినబడలేదు. నా నోటికి దూరంగా వెళ్ళింది, కథకీ దూరమైపోయింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ ఒక్క సంబరం, నా దీక్ష వల్ల, రెండు వానాకాలాలు ఆవిడకి పెదవుల కదలికగానే మిగిలింది. అయినా రోజూ వచ్చి కూర్చుంది.

పట్టాభిషేకం అయ్యింది, హారతి ఇచ్చారు, ఉండలు పంచారు. నేను నాది తిని, బయట చూరు కిందికి వెళ్ళి, వంగి, చెంబుతో నీళ్ళు పోసుకుని పుక్కిలించాను. లేచేసరికి అత్తయ్య వెనక నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళకి వినబడిందిరా నాయనా," అంది, గుడిలో అందరికీ వినబడే గొంతుతో. చెవిటివాళ్ళ గొంతు. "అయితే మధ్యలో చాలా పోయింది. అడివిలో జరిగిందంతా పోయింది. సముద్రం దాటింది పోయింది. నువ్వు చెప్పరాదూ?"

నేను ఉత్తరీయం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా నోట ఇప్పుడు మాట సరిగా పలకదని చెప్పాను. ఆవిడకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను. కథ అడగాలనిపిస్తే ఇన్నాళ్ళూ ఇంటి దగ్గరే అడగొచ్చు కదా, గోడ పక్కనే ఉన్నాను కదా అన్నాను. అది కూడా అడగకుండా ఉండవలసింది.

"అడుగుదామనే అనుకున్నానురా. అడిగితే దగ్గరికొచ్చి చెబుతావు కదా అని ఊరుకున్నాను."

మెట్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఈసారి భుజాలు దాచుకోలేదు. నేను కూడా నవ్వవలసిందేమో గాని నా వల్ల కాలేదు.

మర్నాడు భోజనాలయ్యాక, పళ్ళ సందులు కడిగి, చిగుళ్ళు ఉప్పుతో రుద్ది, ఈనెతో నాలుక గీసి, పుక్కిలించి, చేతిలోకి ఊపిరి వదిలి వాసన చూసుకుని, మళ్ళీ పుక్కిలించి, పెరటి గోడ దాటి అత్తయ్య వసారాలోకి వెళ్ళాను. ఆవిడ చాప వేసి సిద్ధంగా ఉంది. పక్కన కూర్చుని కథ మొదలుపెట్టాను. దగ్గరికి వంగడానికి ధైర్యం చాలక, దూరం నుంచే, నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని చెప్పాను. ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోతోంది. రెండు మాటలు కాగానే ఆవిడ చెయ్యి చాచి ఆ గుడ్డ లాగేసింది.

"ఈ అడ్డు తియ్యి. ఒక్క ముక్క వినబడటం లేదు."

అని కుడిచెవి తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

పీట మళ్ళీ నాకు రాలేదు. మావగారు పోయేదాకా ఆయనే వచ్చి చదివారు. తరవాత ఇంకొకరు చదివారు. ఆ వసారాలో మాత్రం, ఆవిడ ఉన్నన్నాళ్ళూ, నేను చెప్పాను. వెళ్ళబోయే ముందు రోజూ కాలువగట్టున కూర్చుని నోరు కడుక్కునేవాణ్ణి. ఆవిడ చెవి నా నోటికి తగిలేంత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఆవిడ వెనక్కి జరగలేదు. అయినా ఆ బిగబట్టడం నాకు ఈనాటికీ పోలేదు.